బ్రేకు దాకా రానివ్వకు

అమ్మడూ,

చర్ల మండలంలో స్టాఫ్ నర్సుగా ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కడుపు నిండింది. పాత కారు ఒకటి కొన్నావనీ, సెలవు దొరికినప్పుడల్లా ఖమ్మం నుంచి నువ్వే నడుపుకుంటూ పోయి వస్తాననీ అన్నావట. మంచిది, నడుపు. నిన్ను భయపెట్టి బస్సెక్కించాలని ఈ ఉత్తరం రాయడం లేదు. ఆర్టీసీలో బస్సు నడిపి, తరవాత కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చిన మనిషిని. ఆ దారిలో నా మనవరాలు స్టీరింగ్ పట్టుకుంటే నాకంటే గర్వపడేవాడు ఎవడుంటాడు? కాకపోతే నువ్వు చేరేది మృగశిర కార్తెలో. నీ లైసెన్సు ఇంకా ఒక్క వానాకాలం కూడా చూడలేదు. అందుకని కొన్ని మాటలు చెప్పాలి. ఓపిగ్గా చదువు.

తడి రోడ్డు మీద బ్రేకును నమ్ముకుని బండి నడపకు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే. నువ్వు బ్రేకు తొక్కే వేళకు నీ మంచిచెడ్డలు చాలావరకు తేలిపోయి ఉంటాయి. టైరు ఎలాంటిది, అందులో గాలి ఎంత, నువ్వు ఎంత వేగంలో ఉన్నావు, ముందు బండికి ఎంత ఎడం ఇచ్చావు, ఇవన్నీ బ్రేకుకు ముందరి సంగతులు. నీ వృత్తిలో ఇది నీకు కొత్త కాదు. గోదావరి పెరిగే రోజుల్లో నెలలు నిండిన గర్భిణులను నొప్పులు రాకముందే ఏజెన్సీ పల్లెల నుంచి భద్రాచలం ఆసుపత్రికి చేరుస్తారు కదా, వాగు పొంగాక డోలీ కట్టుకుని పరుగెత్తే పని లేకుండా. బండి విషయంలోనూ ఆ ముందుచూపే కావాలి.

నీ కారు బరువంతా భూమి మీద మోపేది నాలుగు చోట్ల. ఒక్కో చోటా అరచేయంత రబ్బరు, అంతే. బండి కదలడం, తిరగడం, ఆగడం మొత్తం ఆ నాలుగు అరచేతుల పట్టు మీదే. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో పోతున్నావనుకో. ఎదురుగా గేదె కనబడి నీ కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పడితే, ఆ సెకనులోనే బండి 22 మీటర్లు పోతుంది. తరవాత పొడి తారు మీద ఆగడానికి సుమారు 36 మీటర్లు కావాలి. అదే తారు తడిసి ఉంటే 60 మీటర్లు దాటుతుంది. మొత్తం దాదాపు 85 మీటర్లు అయింది. ఇప్పుడు 40 వేగంలో లెక్క చూడు. తడి రోడ్డు మీద కూడా ఆ సెకనుకు 11, ఆగడానికి 16, వెరసి 27 మీటర్లు. వేగం సగం చేస్తే దూరం మూడో వంతు కంటే తక్కువకు దిగింది. శిక్షణలో ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే, అప్పటిదాకా కిటికీలోంచి బయటికి చూస్తున్న కుర్రాళ్లు కూడా ఇటు తిరిగేవాళ్లు. ఇది మంచి టైర్లకు వేసిన లెక్క. అరిగినవాటికి ఇంకా పెరుగుతుంది.

ఇక టైర్ల సంగతి. కారు అమ్మినవాడు ఇంజను గురించి, ఏసీ గురించి గొప్పలు చెప్పి ఉంటాడు. టైర్లను నువ్వే వంగి చూడు. మన దగ్గర గుండు అయ్యేదాకా తిప్పి, ట్యూబు కనబడ్డాకే మార్చే అలవాటు చాలామందికి ఉంది. పొడి రోడ్డు మీద ఆ టైరు బాగానే పట్టినట్టుంటుంది, అదే మోసం చేస్తుంది. టైరు మీద గాళ్లు ఉన్నది అందానికి కాదు. కింద ఉన్న నీళ్లను పక్కలకూ వెనక్కూ తోసేసి, రబ్బరుకు తారు అందించడానికి. ఆ గాళ్లు లేని టైరుతో వానలో పోవడం, అడుగు అరిగిన చెప్పులతో గోదావరి రేవులో పాచి మెట్లు దిగడమే. కొత్త కారు టైరులో గాడి లోతు ఎనిమిది మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మోటారు వాహన నిబంధనల ప్రకారం 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు రోడ్డెక్కకూడదు. గాడి లోపల అక్కడక్కడా చిన్న గట్లు పోసి ఉంటాయి. రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైందంటే 1.6కు వచ్చిందని గుర్తు. గట్లు ఎక్కడున్నాయో చూపించడానికి టైరు పక్క గోడ అంచున చిన్న త్రికోణం గుర్తు వేస్తారు. చట్టం ఆ గట్టు దాకా ఒప్పుకుంటుంది, నేను ఒప్పుకోను. వానాకాలానికి మూడు మిల్లీమీటర్లు ఉండగానే మార్చెయ్యి. డబ్బులకు ఇబ్బందైతే నా పింఛను ఉంది, అడగడానికి మొహమాటపడకు.

గాళ్లు నిండుగా ఉన్నంత మాత్రాన టైరు మంచిదని అనుకోవద్దు. పాత కారు ఏళ్ల తరబడి షెడ్డులో ఉండి ఉండొచ్చు. రబ్బరు వయసుతో గట్టిపడుతుంది, గట్టిపడ్డ రబ్బరు తడిలో జారుతుంది. టైరు పక్కన నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో తయారైందన్నమాట. అంత పాతది నీకొద్దు. పక్క గోడలో సన్నని పగుళ్లు కనబడినా వద్దు.

రెండు టైర్లే మార్చగలిగితే కొత్తవి వెనక వేయించు. షాపులో ఒప్పుకోరు, ‘ఇంజను ముందుంది, స్టీరింగ్ ముందుంది, కొత్తవి ముందే వెయ్యాలమ్మా’ అంటారు. వినకు. తడిలో ముందు చక్రాలు పట్టు తప్పితే బండి అనుకున్నంత తిరగక నేరుగా పోతుంది. వేగం తగ్గేకొద్దీ పట్టు మళ్లీ దొరికే అవకాశం ఉంది. వెనక చక్రాలు తప్పాయంటే మలుపులో బండి గిర్రున తిరిగిపోతుంది, దాన్ని ఆపడం చేయి తిరిగిన డ్రైవర్లకే కష్టం. టైరు కంపెనీలవాళ్లు కూడా కొత్తవి వెనకే వేయమంటారు.

గాలి గురించి ఒక తప్పుడు మాట మన వైపు బాగా చలామణిలో ఉంది. వానాకాలంలో గాలి కొంచెం తగ్గిస్తే టైరు పరుచుకుని గ్రిప్ పెరుగుతుందని. పొలం బురదలో ట్రాక్టరుకు అది నిజమేమో, తారు రోడ్డు మీద నీళ్లలో పోయే కారుకు మాత్రం ప్రమాదం. నిలిచిన నీళ్ల మీద వేగంగా వెళ్లినప్పుడు, పక్కకు పోవడానికి వ్యవధి లేక నీళ్లు టైరు కిందికి చొరబడి దాన్ని ఎత్తేస్తాయి. హైడ్రోప్లేనింగ్ అంటారు. రబ్బరుకూ తారుకూ మధ్య నీటి పొర తప్ప ఏమీ ఉండదు. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది, తిప్పినా బండి వినదు, బ్రేకు తొక్కినా వినదు. తడి రన్‌వేల మీద విమానాలు జారిపోతున్నాయని నాసాలో వాల్టర్ హోర్న్, రాబర్ట్ డ్రెహర్ అనే ఇద్దరు దీని మీద పని చేసి 1963లో ఒక నివేదిక ఇచ్చారు. వాళ్లు తేల్చిన సూత్రంలో టైరు బరువూ వెడల్పూ లేవు, ఉన్నది గాలి ఒత్తిడి ఒక్కటే. ఒత్తిడి తగ్గేకొద్దీ తక్కువ వేగంలోనే టైరు తేలిపోతుంది. గాడి లోతును మించి నీళ్లు నిలిచిన చోట, టైరులో 33 పీఎస్‌ఐ గాలి ఉంటే దాదాపు 95 కిలోమీటర్ల వేగంలో, అది 22కు పడిపోయి ఉంటే 78లోనే తేలుతుందని ఆ సూత్రం. పాల్వంచ దాటాక రోడ్డు బాగుందని 80లో పోయేవాళ్లు ఎంతమందో నీకే తెలుసు. అందుకని, డ్రైవరు పక్క తలుపు తెరిస్తే, ఆ తలుపు మూసుకునే స్తంభం మీద కంపెనీవాళ్లు అంటించిన కాగితం ఉంటుంది, అందులో రాసినంత గాలి పెట్టించు. బండి చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే.

ఇవన్నీ ఇంటి దగ్గర చేసే పనులు. ఇప్పుడు దారి గురించి చెబుతాను, ఈ దారి నాకు తెలుసు.

అన్ని వానల్లోకీ మొదటి వానను ఎక్కువ అనుమానించు. వేసవి అంతా లారీల నుంచి కారిన డీజిలు, ఆయిలు, అరిగిన టైర్ల రబ్బరు పొడి రోడ్డు మీద పేరుకుని ఉంటాయి. కొత్తగూడెం చుట్టుపక్కల దీనికి బొగ్గు టిప్పర్ల నుంచి రాలిన నుసి తోడవుతుంది, పాల్వంచ దగ్గర బూడిద లారీల దుమ్ము తోడవుతుంది. తొలకరి చినుకులు పడగానే ఇదంతా కలిసి జిగట పూతలా అవుతుంది. పెద్ద వాన గట్టిగా కురిస్తే కొట్టుకుపోతుంది. సన్నగా తుంపర పడి ఆగితే కొట్టుకుపోదు, అక్కడే ఉంటుంది. చూడటానికి రోడ్డు ఏమంత తడిసినట్టు ఉండదు, పైగా మట్టి వాసన హాయిగా ఉంటుంది, అప్పుడే జారుతుంది. మొదటి అరగంట ఎక్కడైనా టీ కొట్టు దగ్గర ఆగిపోయినా నష్టం లేదు.

జూలై వచ్చిందంటే నాట్లు. ఏన్కూరు, జూలూరుపాడు వైపు దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనుప చక్రాలతోనే రోడ్డెక్కుతాయి. రోడ్డూ చెడుతుంది, పెళ్లలు పెళ్లలుగా బురద కూడా పడుతుంది. దాని మీద వాన పడితే నూనె పోసినట్టే. పొలంలోంచి ట్రాక్టరు ఎక్కిన జాడ కనబడగానే కాలు తీసెయ్. పంట చేతికొచ్చే రోజుల్లో మొక్కజొన్నలూ వడ్లూ రోడ్డు మీదే ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు, వాన వస్తే పైన పట్టాలు కప్పుతారు. వాళ్ల మీద కోపం తెచ్చుకోకు, ఆరబెట్టుకోవడానికి కల్లం ఉంటే రోడ్డు మీదికి ఎందుకు వస్తారు? ఏడాది కష్టం అది. కానీ తడిసిన గింజల మీద చక్రం ఎక్కించి బ్రేకు వేయకు. సారపాక పేపరు మిల్లుకు పోయే జామాయిల్ కర్ర లారీల నుంచి బెరడు రాలుతుంది, అడవి పట్టులో టేకు ఆకులు రాలి తడిసి తారుకు అంటుకుని ఉంటాయి. కారు ఓర్చుకుంటుంది గానీ మోటార్ సైకిల్ ఓర్చుకోదు. మీ ఆశా కార్యకర్తలను స్కూటీ మీద తీసుకెళ్లే కుర్రాళ్లకు ఇది నువ్వు చెప్పాలి. తెల్ల గీతల మీదా, వంతెన మీది ఇనుప అతుకుల మీదా తడిలో బండి వంచొద్దని, బ్రేకు కొట్టొద్దని చెప్పు.

వాన రాత్రుల్లో పశువులు రోడ్డు మీదే పడుకుంటాయి. చుట్టూ నేలంతా చిత్తడి, తారు ఒక్కటే వెచ్చగా ఉంటుంది, దోమలూ తక్కువ. తడిసిన నల్ల రోడ్డు మీద నల్ల గేదె నీ లైట్ల వెలుగులో దగ్గరికి వచ్చేదాకా కనబడదు. ఎదుటి లారీ లైటు కళ్లలో పడినప్పుడు అసలే కనబడదు. అడవిలో రాత్రి నువ్వు చూడగలిగినంత దూరంలో ఆగగలిగే వేగమే నీ వేగం. పగలు వంతెనల దగ్గరా, గుట్టల దగ్గరా కోతులుంటాయి. ఎవరో అరటిపండ్లు వేస్తారు, అవి రోడ్డు మధ్యలో కూర్చుంటాయి. నువ్వు వేయకు.

మలుపుకు ముందే వేగం తగ్గించు, మలుపు మధ్యలో కాదు. తడిలో ఒకే టైరును తిరగమనీ ఆగమనీ ఒకేసారి అడిగితే రెండూ చేయలేదు. దిగుడులో పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేయకు, రెండో గేరులో ఇంజనే పట్టి దింపుతుంది. ఎప్పుడైనా మీ స్నేహితులతో చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే ఈ మాట మరీ గుర్తు పెట్టుకో. ముందు బండికి పొడి రోజుల్లో రెండు సెకన్ల ఎడం ఇస్తే, వానలో నాలుగు ఇవ్వు. ముందు బండి ఒక కిలోమీటరు రాయి దాటగానే మనసులో లెక్కపెట్టుకుంటే తెలిసిపోతుంది. వెనకవాడు హారను కొడతాడు, కొట్టనీ, పక్కకు జరిగి దారివ్వు.

నీ కారుకు ఏబీఎస్ ఉందో లేదో కనుక్కో. 2019 ఏప్రిల్ నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి చేశారు, నీది అంతకు ముందుది కావచ్చు. ఉంటే, అవసరం పడ్డప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి పట్టు. పెడలు కాలి కింద టకటకా కొట్టుకుంటుంది, బెదిరి కాలు తీయకు, అది తన పని తాను చేస్తోంది. లేకపోతే తొక్కుతూ వదులుతూ పోవాలి, చక్రం బిగిసిపోతే స్టీరింగ్ పనికిరాదు. బండి నీళ్ల మీద తేలినట్టు స్టీరింగ్ వదులైతే మాత్రం బ్రేకు జోలికే పోవద్దు. యాక్సిలరేటరు మీంచి కాలు మెల్లగా తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని ఉండు. వేగం తగ్గగానే టైరు మళ్లీ నేలను అందుకుంటుంది. వెనక భాగం పక్కకు జారితే, నీ చూపు గుంట వైపు పోనివ్వకుండా నువ్వు పోవాల్సిన వైపే చూస్తూ అటే మెల్లగా తిప్పు. ఇది చదివితే రాదు. ఒక ఆదివారం వాన పడ్డాక ఖాళీ మైదానంలో నాతో రా, 20 వేగంలో బ్రేకు కొట్టించి చూపిస్తా. జారడం ఎలా ఉంటుందో ఒంటికి తెలిస్తే, రోడ్డు మీద చెయ్యి కంగారు పడదు.

ఇప్పుడు నాకు రాత్రులు నిద్ర పట్టనివ్వని విషయానికి వస్తాను. చప్టాలు.

నీ దారిలో కిన్నెరసాని, ముర్రేడు, పర్ణశాల దగ్గర సీతవాగు, చర్ల దగ్గర తాలిపేరు ఉన్నాయి. వీటిలో కలిసే పేరు లేని వాగులు ఇంకెన్నో. పెద్ద వంతెనలతో భయం లేదు. పల్లెలకు పోయే దారుల్లో వాగుకు అడ్డంగా వేసిన లోలెవల్ చప్టాలతోనే భయం. నీ దగ్గర చినుకు కూడా లేకపోయినా, ఎగువన ఛత్తీస్‌గఢ్ అడవుల్లో వాన దంచితే తాలిపేరు ఉన్నట్టుండి పెరుగుతుంది. చప్టా మీద పారే నీళ్లు ఎర్రగా ఉంటాయి, లోతు కనబడదు, కింద సిమెంటు ఉందో కొట్టుకుపోయిందో కనబడదు. అడుగు లోతు పారే నీళ్లు చాలు చిన్న కారును తేల్చడానికి. రెండడుగులైతే చాలా బండ్లు కొట్టుకుపోతాయి. అరడుగు ఉరవడికే మనిషి కాలు నిలవదు. బండి బరువుగా ఉంది కదా అనుకుంటాం. నీళ్లలో దిగాక దాని బరువు నీళ్లే మోస్తాయి, టైరు నేలను ఒత్తదు, ఒత్తని టైరుకు పట్టు ఎక్కడిది? ఎంత మంచి టైరు కొన్నా అక్కడ పనికిరాదు.

2024 సెప్టెంబరు 1న ఏం జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. ఖమ్మంలో మున్నేరు పొంగి కాలనీలు మునిగిన రోజు. కారేపల్లి వైపు తండా నుంచి ఒక యువ శాస్త్రవేత్త, నీ ఈడు పిల్ల, తండ్రితో కలిసి విమానం అందుకోవాలని తెల్లవారకముందే కారులో హైదరాబాద్ బయలుదేరింది. మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు వంతెన మీద వరద వాళ్ల కారును తీసుకుపోయింది. ఇద్దరూ దక్కలేదు. చీకట్లో, హోరు వానలో ఆ తండ్రికి ఏం కనబడి ఉంటుంది? వాళ్ల తప్పు ఎంచడానికి ఇది చెప్పడం లేదు, ఆ కుటుంబం దుఃఖం మన దుఃఖం. అలాంటి చోట చీకట్లో నీళ్లు తళుక్కుమన్నా సరే, నువ్వు ఆగి వెనక్కి తిప్పాలని చెబుతున్నాను. విమానం ఇంకొకటి ఉంటుంది. డ్యూటీకి ఆలస్యమైతే మెమో వస్తుంది, రానీ.

ముందు ఆటో దాటింది, ట్రాక్టరు దాటింది అని నువ్వు దిగకు. ట్రాక్టరు ఎత్తు వేరు, వాళ్లకు ఆ వాగు గుంటలు తెలుసు, అయినా కొట్టుకుపోయిన ట్రాక్టర్లూ ఉన్నాయి. గట్టున కుర్రాళ్లు ‘ఏం కాదక్కా, పోనీయ్’ అంటారు. వాళ్లు మంచివాళ్లే, నీతో పాటు కారులో లేరు, అంతే తేడా. కాన్పు కేసు అవతలి ఒడ్డున ఉందని కబురు వస్తే నీ ప్రాణం ఆగదని నాకు తెలుసు, నువ్వు నా కూతురి కూతురివి. అప్పుడు కూడా కారు దింపకు. మీ డాక్టరుకూ, తహసీల్దారు ఆఫీసుకూ ఫోన్ చెయ్, పడవ అడుగు, అవతలి ఒడ్డున ఉన్న ఏఎన్ఎంతో మాట్లాడుతూ ఉండు. వాగులో పోయిన నర్సు ఏ తల్లికీ కాన్పు చేయలేదు.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నది పెరిగేకొద్దీ దుమ్ముగూడెం వైపు తూరుబాక దగ్గర వరద రోడ్డు మీదికి వచ్చి చర్ల దారి తెగిపోతుంటుంది. 2022 జూలైలో 71 అడుగులు దాటిన ఆ వరదలో, భద్రాచలం దగ్గర గోదావరి మీద 1965లో కట్టిన పెద్ద వంతెన మీదే బండ్లను ఆపేశారు. అంతకు ముందు 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. జాతీయ రహదారి వంతెననే మూసి కూర్చున్న రోజులున్నాయి, ఒక చిన్న కారు ఆగిపోతే ఎవరూ చిన్నచూపు చూడరు. ఖమ్మంలో బయలుదేరే ముందే నీటిమట్టం కనుక్కో. మొదటి హెచ్చరిక ఇచ్చారంటే చర్ల ప్రయాణం మానుకో, అప్పటికే చర్లలో ఉంటే అక్కడే ఉండిపో. భద్రాచలంలో చిక్కుకుంటే మీ చిన్నత్త ఇల్లు తాతగుడి సెంటరు దగ్గరే, గుర్తుంది కదా? అర్ధరాత్రి తలుపు కొట్టినా అన్నం పెడుతుంది.

లోతు తక్కువని తేలిన నీళ్లలోంచి, అంటే రోడ్డు గీతలు పైకి కనబడే నీళ్లలోంచి దాటి వచ్చాక, కొంచెం దూరం మెల్లగా పోతూ బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించు. తడిసిన బ్రేకులు ఆ వేడికి ఆరతాయి. వెంటనే వేగం అందుకుంటే అవసరానికి అవి పట్టవు.

శనివారం నేను ఖమ్మం వస్తున్నాను. కారు టైరు షాపుకు కలిసి తీసుకెళదాం, ఆ నాలుగంకెలు నేనే చదువుతా, అలైన్‌మెంట్ కూడా చూపిద్దాం. వైపర్ రబ్బర్లు రెండూ కొత్తవి కొని ఉంచు, ఎండకు అవి కట్టెల్లా అయిపోయి ఉంటాయి. స్టెప్నీ ఒకసారి బయటికి తీసి చూడు. అందులో గాలి ఉండదు, ఎవరూ చూడరు కాబట్టి.

– మీ తాతయ్య